చెరువులో చేప చస్తోంది, సంఘంలో నేను దోషినయ్యాను

ఒడిశాలోని మల్కనగిరి జిల్లా కలిమెల వైపు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ పేరు, ఊరు వద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడది తాతల కాలంలో భద్రాచలం దిక్కు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఊళ్లో పన్నెండుమంది ఆడవాళ్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. సగం మంది కోయవాళ్లు, సగం మంది తెలుగువాళ్లు. రెండెకరాల పంచాయతీ చెరువు లీజుకు తీసుకుని చేపలు పెంచుతున్నారు. లెక్కలు, పుస్తకం ఆవిడ చేతిలో ఉంటాయి. వర్షాలు పడగానే పదివేల పిల్ల వేశారు. శీలావతి ఎక్కువ, తర్వాత బొచ్చె, కొంచెం ఎర్రమోసు. ఆంధ్రా వైపు నుంచి పిల్ల తెప్పించింది ఆవిడే, మరిది ద్వారా. కార్తీకం వెళ్లేదాకా అంతా బాగుంది. తూకం చూద్దామని ఒకరోజు వల లాగారు. ఐదారు రోజులకు చేపలు తేలడం మొదలైంది. ఒంటి మీద ఎర్రమచ్చలు, రెక్కల మొదట్లో రక్తపు చారలు, పొలుసు లేచి పుండ్లు. కొన్నిటికి పొట్ట ఉబ్బి కళ్లు పైకి పొడుచుకొచ్చాయి.

మరిది ఆక్వా మందుల దుకాణంలో పనిచేస్తాడు. పేరు లేని తెల్లపొడి పొట్లాలు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ వాటిని తవుడులో కలిపి నాలుగు రోజులుగా మేత సంచుల్లో పెడుతోంది. తొమ్మిది వేల రూపాయలు సంఘం పైకంలోంచి ఇచ్చింది, పుస్తకంలో రాయలేదు. ఇప్పుడు మరిది "ఆదివారం చింతూరు వ్యాపారిని తీసుకొస్తా, ఉన్నదంతా పట్టి అమ్మేద్దాం వదినా" అంటున్నాడు. భర్త "మందు సంగతి నోరెత్తకు" అంటున్నాడు. సంఘం అధ్యక్షురాలైన కోయ పెద్దావిడ మాట్లాడడం మానేసింది. "ఆంధ్రా పిల్లతోనే రోగం వచ్చింది" అని ఒకావిడ సంతలో అందరి ముందూ అన్నదట. ఉత్తరం చివర ఇలా రాశారు: "తప్పు నాదేనా? అమ్మేయమంటారా? సంఘానికి చెప్పమంటారా? మా పిల్లలు ఆ చేప తిన్నారు, వాళ్లకేమన్నా అవుతుందా?"

అమ్మా,

ముందు పిల్లల సంగతి. మిమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది అదేనని ఉత్తరం చదువుతుంటేనే అర్థమైంది. చేపకు వచ్చిన ఈ రకం బ్యాక్టీరియా బాగా ఉడికితే చస్తుంది. పొయ్యి మీద పులుసు తెర్లిందంటే ఆ భయం లేదు. మందు సంగతి వేరు. వండితే మందు అవశేషం పూర్తిగా పోతుందని చెప్పలేం. పొట్లాల మీద పేరు లేదు కాబట్టి అది ఏ మందో కూడా మనకు తెలియదు. ఒకటి రెండు పూటలు తిన్నంతలో పెద్ద ప్రమాదం జరగడం అరుదు. అయినా ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, విరేచనాలు కనిపిస్తే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, "మందు పెట్టిన చేప తిన్నారు" అని ఆ మాట దాచకుండా చెప్పండి. ఇకమీదట ఆ చెరువు చేప ఇంట్లో వండొద్దు. చచ్చిన చేపలు ఏరేటప్పుడు చేతికి గాయముంటే నీళ్లలో దిగొద్దు, తొడుగు వేసుకోండి. చేపకు జబ్బు చేసే ఏరోమోనాస్ మనిషి పుండులోకీ వెళ్తుంది.

ఇక తప్పెవరిదన్న ప్రశ్న. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు మొదట అనుమానం వచ్చేది ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియా మీద. పొట్ట ఉబ్బడానికి ఎడ్వర్డ్‌సియెల్లా కూడా కారణం కావచ్చు. ఏదన్నది ల్యాబు తేల్చాలి. కానీ ఏరోమోనాస్ ఎవరో బండిలో తెచ్చి పోస్తే వచ్చేది కాదమ్మా. మంచినీటి చెరువన్న ప్రతి చోటా అది ఉంటుంది, మీ చెరువులో మీరు పిల్ల వెయ్యకముందు నుంచీ ఉంది. చేప ఒంటి మీద జిగురు పొర చెదరనంతకాలం, నీళ్లలో ఊపిరి ఆడుతున్నంతకాలం దాని జోరు సాగదు. చేప నలిగిన రోజున లోపలికి దూరుతుంది.

మీ చేప ఎక్కడ నలిగింది? మీరు నాలుగు పేజీల ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి నన్ను పట్టుకుంది: "మేత సంచులు కట్టిన వెదురు గెడలకు శీలావతులు ఒళ్లు రాసుకుంటున్నాయి." అది పేను లక్షణం. ఆర్గులస్ అంటారు దాన్ని. రేపు పొద్దున ఒక శీలావతిని తడిచేత్తో పట్టుకుని, రెక్క ఎత్తి మొదట్లో చూడండి. మొప్ప మూత పక్కన, తోక దగ్గర కూడా చూడండి. చదునుగా, గుండ్రంగా, కాస్త ఆకుపచ్చ ఛాయలో, అద్దంలా అవతలి పక్క కనిపించే పురుగు అతుక్కుని ఉంటుంది. చిన్న గోరుమీద పట్టేంత. వేలితో నెడితే జారుతూ పాకుతుంది. అది గుచ్చిన చోట ఎర్రచుక్క పడుతుంది, ఆ చుక్కే బ్యాక్టీరియాకు దారి. శీలావతికి పేను పట్టినంతగా మిగతా చేపలకు పట్టదు. మీ చెరువులో శీలావతులే ఎక్కువ పోతున్నాయంటే లెక్క సరిపోతోంది.

దాని మీద వల పడింది. పేనుతో అప్పటికే గాయాలున్న చేప వలలో ఒకదానికొకటి రాసుకుని పొలుసు ఊడింది. వల లాగిన ఐదారు రోజులకు చావులు మొదలయ్యాయని మీరే రాశారు. దానికి తోడు మీ చెరువులో చేప మరీ ఎక్కువ. ఏరేటర్లు, అంటే నీళ్లకు గాలి అందించే యంత్రాలు, లేని చెరువుకు హెక్టారుకు ఐదువేల పిల్ల అన్నది మత్స్యశాఖ ఎప్పటినుంచో చెబుతున్న లెక్క, అంటే ఎకరాకు రెండువేలు. మీరు ఎకరాకు ఐదువేలు వేశారు. ఏట్లో నీరు తగ్గినట్టే చెరువులోనూ మట్టం తగ్గింది, రాత్రి చలి పెరిగింది, పచ్చిపేడ వేస్తూనే ఉన్నారు. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటి చేప పైకొచ్చి నోరు తెరిచి ఉంటుంది, ఆ వేళప్పుడు గట్టు మీద ఎవరూ ఉండరు కనక మీకు తెలిసి ఉండదు.

కాబట్టి సంతలో ఆ మాట అన్నావిడకు జవాబు ఇది. పేను పిల్లతోపాటు వచ్చి ఉండవచ్చు, ఆ అవకాశాన్ని మీరూ కాదనొద్దు. కాలువ నీళ్లతోనూ వచ్చి ఉండవచ్చు. పిల్ల ఎక్కువ వేద్దామన్నది, పేడ వేద్దామన్నది, వల లాగి చూద్దామన్నది పన్నెండుమందీ. ఈ రోగాన్ని ఒక్క మనిషి నెత్తిన పెట్టడానికి వీల్లేదు, ఆంధ్రా అన్న పేరు మీద పెట్టడానికి అసలే వీల్లేదు. మీ మీద ఉన్నది రెండే: అడక్కుండా మందు పెట్టడం, రాయకుండా డబ్బు ఇవ్వడం. అవి చిన్నవని నేను అనను. కానీ రెండూ ఇప్పటికీ సరిచేసుకోగలిగినవే.

ఇప్పుడు ఆదివారం సంగతి.

అమ్మితే ఏమవుతుంది? చేతికి కొంత డబ్బు వస్తుంది, సంఘం తీసుకున్న బ్యాంకు అప్పు కిస్తీ గండం గడుస్తుంది. మీ మరిది చూస్తున్నది అంతవరకే. వ్యాపారి పుండున్న చేపను ఎలాగూ పక్కన పడేస్తాడు, మిగతాదానికి సగం ధర కడతాడు. చెరువంతా వల లాగితే పట్టుబడని చేప ఇంకా నలుగుతుంది, వారంలో అదీ తేలుతుంది. వీటన్నిటికంటే నాకు మింగుడుపడనిది వేరే ఉంది. నాలుగు రోజులుగా పేరు తెలియని మందు తిన్న చేప సంతలో ఎవరో కూలి పని చేసుకునే తల్లి కొనుక్కుని పిల్లలకు వండుతుంది. మీ పిల్లల గురించి మీరు పడుతున్న బెంగ ఆవిడ పడదు, ఎందుకంటే ఆవిడకు తెలియదు.

యాంటీబయాటిక్ వాడిన చేపను పట్టడానికి ముందు ఆగాల్సిన గడువంటూ ఉంటుంది. ఆక్సీటెట్రాసైక్లిన్ తీసుకోండి. చేప కిలో బరువుకు రోజుకు 55 నుంచి 83 మిల్లీగ్రాముల దాకా, పది రోజులు పెట్టి, ఆ తర్వాత 21 రోజులు ఆగాలని అమెరికాలో దాని లేబుల్ మీదే ఉంటుంది. గడువు చెప్పని మందులకు యూరప్‌లో 500 డిగ్రీ రోజులు లెక్కేస్తారు, అంటే నీటి వేడి డిగ్రీలను రోజులతో గుణిస్తే 500 రావాలి. నీళ్లు 25 డిగ్రీలుంటే ఇరవై రోజులన్నమాట. మన దేశంలో చేప మాంసంలో ఆక్సీటెట్రాసైక్లిన్ కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ఆహార భద్రతా సంస్థ పరిమితి పెట్టింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివైతే గడువు మాటే లేదు, వాటిని చేపలకు వాడడమే నిషేధం. మీ పొట్లంలో ఉన్నది ఇందులో ఏది? అది తేలేదాకా చేప అమ్మకానికి పనికొస్తుందా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు, మీ మరిది కూడా.

మందు కొనసాగించడమా, ఆపడమా అన్నది రెండో చిక్కు. పేరు తెలిసి, ల్యాబు పరీక్షలో ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందని తేలితే మధ్యలో ఆపకూడదు. సగం మందుకు చావని క్రిమి మొండిదవుతుంది, వచ్చే ఏడు అదే మందు పనిచెయ్యదు. పేరు తెలియని పొడి విషయంలో ఆ సూత్రం నిలబడదు. తెలియనిదాన్ని పూర్తి చెయ్యడంలో అర్థం లేదు. పైగా జబ్బు ముదిరిన చేప మేత ముట్టదు. సంచిలో మీరు కలిపిన మందు తిన్నది బాగున్న చేప. తినకుండా మిగిలింది తవుడుతో సహా నీళ్లలో కరిగి బురదలో కలిసింది. నేనైతే ఆపేస్తాను. ఆపేస్తే నాలుగు రోజుల మందూ వృథా అవుతుంది, చావులు వెంటనే తగ్గవు. అది తెలిసే నిర్ణయించుకోండి.

ఆపి ఊరుకోమని కాదు. చేతిలో మందు లేకపోయినా చెయ్యగలిగింది చాలా ఉంది, ఈ రోగంలో సగం వైద్యం నీళ్లదే. మేత రెండు మూడు రోజులు పూర్తిగా ఆపండి, పేడ ఆపండి. పశువులను దింపనివ్వొద్దు. పొటేరు కాలువ నీళ్లు అందుతాయన్నారు కదా, తూముకు సన్నకన్ను వల కట్టి అరడుగో అడుగో కొత్త నీరు పెట్టండి. వల లేకుండా పెడితే అడవిచేప, దానితో కొత్త పేను వస్తాయి. చచ్చినవి పొద్దున సాయంత్రం ఏరి, చెరువుకు దూరంగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. కాలువలో విసిరితే కింద ఊళ్లవాళ్ల చెరువుల్లోకి మీ రోగం పోతుంది.

సున్నం విషయంలో తొందరపడొద్దు. బెంగాలీ కాలనీ పెద్దాయన సున్నం, పసుపు కలిపి చల్లమన్నాడని రాశారు. ఆయన చెప్పింది పనికిరాని మాట కాదు, వంగదేశం నుంచి వచ్చినవాళ్లకు చేపల పెంపకం తరాల విద్య. పని ప్రధానంగా చేసేది సున్నం. హెక్టారుకు 200 కిలోలు అన్న లెక్కన మీ రెండెకరాలకు 160 కిలోలు వస్తుంది. ఒక్కసారే పొయ్యొద్దు. ముందు పీహెచ్ (నీటి పులుపు, క్షారాల కొలత) చూడండి, 8.5 దాటి ఉంటే సున్నమే వద్దు. అంతకు తక్కువుంటే యాభై కిలోల చొప్పున, నీళ్లలో కలిపి చల్లార్చి, పొద్దుటి పూట చల్లి, వారం ఆగి మళ్లీ చూడండి. పీహెచ్ ఎక్కువై ఉన్న నీటిలో సున్నం పోస్తే అడుగునున్న అమ్మోనియా విషమై ఒక్క రాత్రిలో చెరువు ఖాళీ అవుతుంది.

పేను కనిపిస్తే, ఆ వెదురు గెడలే మీకు సాయం. పేను గుడ్లు పెట్టేది నీళ్లలో ఉన్న గెడలకు, రాళ్లకు. గెడ పైకి తీసి వేలితో తడిమితే వరసగా గరుకుగా తగులుతాయి. వారానికోసారి గెడలన్నీ పీకి ఎండలో బాగా ఎండబెట్టి మళ్లీ పాతండి. సంచులు లేకపోయినా నాలుగు గెడలు అదనంగా పాతి ఉంచండి, గుడ్లు వాటిమీదే పెడుతుంది, మీరు ఎండబెడుతూ పోతారు. పేనుకు కొట్టే మందులు పురుగుమందుల జాతివి, కొలత తప్పితే చేపే చస్తుంది. మత్స్యశాఖవాళ్లు నీటి లోతు కొలిచి రాసిస్తేనే వాడండి.

ఇంకొక్కటి చూడండి. చెరువులో ఉన్న కొర్రమీను, పరిగె లాంటి అడవిచేపలకు కూడా లోతైన పుండ్లు, కాల్చిన మచ్చల్లా ఉంటే కథ మారుతుంది. అది 1988లో మన దేశంలోకి వచ్చిన ఈయూఎస్ అనే పుండ్ల రోగం కావచ్చు. దానికి మూలం ఫంగస్ లాంటి ఒక క్రిమి, బ్యాక్టీరియా తర్వాత చేరుతుంది. ఎక్కువగా చలికాలంలోనే వస్తుంది కనక కొట్టిపారేయలేం. దానికి భువనేశ్వర్ దగ్గర కౌశల్యగంగలోని సీఫా అనే మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన సీఫాక్స్ అనే మందు ఉంది, హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతు నీటికి లీటరు. మీ చెరువు నాలుగడుగుల లోతుంటే దాదాపు ఒక్క లీటరే సరిపోతుంది.

వీటిలో ఏదన్నది తేలాలంటే పరీక్ష చేయించాలి. చచ్చి తేలిన చేపను పట్టుకెళ్తే లాభం లేదు, కుళ్లు క్రిములే బయటపడతాయి. కొనఊపిరితో ఉన్న చేపను ఆక్సిజన్ సంచిలో ప్రాణంతో తీసుకెళ్లాలి, లేదా అప్పుడే పట్టి ఐసులో పెట్టి గంటల్లో చేర్చాలి. మల్కనగిరిలో జిల్లా మత్స్యశాఖ కార్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి, మొదలు అక్కడే. బరంపురం దగ్గర రంగయిలుండలో మత్స్య కళాశాల ఉంది కానీ మీకు చాలా దూరం, శాంపిల్ ఎక్కడికి పంపాలో మల్కనగిరివాళ్లే చెబుతారు. 2023లో కేంద్రం 'రిపోర్ట్ ఫిష్ డిసీజ్' అనే యాప్ తెచ్చింది, పుండ్ల ఫొటోలు తీసి అందులో పెట్టవచ్చు. ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులు ఓర్చుకోవడమే కష్టం, నాకు తెలుసు.

ఇక సంఘం. మీ భర్త చెప్పొద్దంటున్నది మీ మీద ప్రేమతోనే, ఇంటి పరువు పోతుందన్న భయంతోనే. కానీ మేత సంచుల్లో తెల్లపొడి కలపడం గట్టు మీద ఒక్కరూ చూడలేదా? సంఘం పైకంలో తొమ్మిది వేలు తగ్గితే ఎన్నాళ్లు కనపడకుండా ఉంటుంది? దాచితే ఆదివారం దాకా ప్రశాంతంగా ఉంటారు. తర్వాత ఎవరో ఒకరు కనిపెడతారు, అప్పుడు చేప చావుకు కూడా మిమ్మల్నే బాధ్యురాలిని చేస్తారు, చేప ఎందుకు చచ్చిందో మీరు చెప్పే జవాబును ఎవరూ నమ్మరు.

చెబితే రెండు దారులున్నాయి. నేరుగా మీటింగులో చెప్పడం ఒకటి. అందరూ ఒకేసారి వింటారు, చాటుమాటు మాటలుండవు, కానీ కోపంలో ఉన్నవాళ్లు ఒకరిని చూసి ఒకరు రేగుతారు, లెక్కలు మీ చేతినుంచి తీసేయవచ్చు కూడా. రెండోది, ముందు అధ్యక్షురాలి ఇంటికి ఒక్కరే వెళ్లడం. నాకు ఇదే నచ్చుతుంది. మాట్లాడడం మానేసిందంటే ఆవిడ కోపం కంటే నొప్పే ఎక్కువనిపిస్తోంది, తనను అడక్కుండా చేశారన్న నొప్పి. "అమ్మా, నిన్నడక్కుండా మందు పెట్టాను, డబ్బు రాయలేదు. చేప చచ్చిపోతుంటే భయమేసింది. మీటింగులో నేనే చెప్తాను, నువ్వు పక్కన ఉండు" అనండి. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. అయినా మీటింగులో ఆ మాట ఆవిడ మొదటిసారి వినడం మాత్రం తప్పుతుంది. ఒకటి జాగ్రత్త: వేరే ఎవరి చేతో కబురంపకండి, మీరే వెళ్లండి.

మరిది విషయంలో మీకు కోపముందో, మొహమాటముందో ఉత్తరంలో తేలలేదు. రెండూ ఉన్నట్టున్నాయి. అతను మోసగాడని నాకనిపించలేదు. దుకాణంలో ఏది అమ్ముడుపోతుందో అది తెచ్చి ఇచ్చాడు, వదిన కష్టంలో ఉందని పరుగెత్తుకొచ్చాడు. అతన్నే అడగండి: "అబ్బాయీ, ఆ డబ్బా మీదున్న పేరు ఫొటో తీసి పంపు, బిల్లు పట్రా. అది వచ్చేదాకా వ్యాపారిని తీసుకురావొద్దు." పేరు వస్తే మత్స్యశాఖవాళ్లు గడువు చెబుతారు, సంక్రాంతి తర్వాత మంచి ధరకు అమ్ముకునే దారి ఉండవచ్చు. పేరు రాకపోతే, అలాంటి పొడి ఇచ్చినందుకు డబ్బు వెనక్కి ఇమ్మనడంలో తప్పులేదు. కొంత మీరు, కొంత అతను వేసుకుని సంఘానికి కట్టడం కూడా ఒక దారి. ఇంట్లో కొన్నాళ్లు ముఖాలు మాడుతాయి. బిల్లు వచ్చినా రాకపోయినా తొమ్మిది వేలూ పుస్తకంలో ఎక్కించండి, మీరిచ్చిన తేదీ వేసి. కిస్తీ గడువు కోసం బ్యాంకుకు అధ్యక్షురాలితో కలిసే వెళ్లండి, మత్స్యశాఖవాళ్లు చెరువు చూసి రాసిచ్చిన కాగితం ఉంటే మీ మాటకు బలం వస్తుంది.

మీటింగులో వచ్చే ఏడు పిల్ల ఎక్కడినుంచి అన్న మాట తప్పక లేస్తుంది. ఆంధ్రాయా ఒడిశాయా అన్న గొడవలోకి దిగకండి. సీఫావాళ్ల జయంతి రోహు గురించి మత్స్యశాఖలో అడగండి. త్వరగా పెరిగేలా ఎంపిక చేసిన శీలావతి రకం అది, 1997లో వదిలారు, ఏరోమోనాస్‌కు తట్టుకునే గుణం కోసం కూడా దాని మీద పనిచేశారు. పిల్ల ఎక్కడిదైనా దింపేముందు నాలుగు తీసి రెక్క ఎత్తి చూడాలని, లీటరుకు ఇరవై గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు ముంచి, చేప తల్లడిల్లగానే తీసి వదలాలని, మొత్తం నాలుగు వేలు దాటకూడదని అదే మీటింగులో తీర్మానం రాయించండి. అందరి సంతకాలూ పెట్టించండి.